జార్జియన్ శకపు చర్చి: విశాఖపట్నం, తూర్పుతీరం

ఇంగ్లండును 1714 నుంచి 1830 దాకా వరుసగా నలుగురు జార్జిలు ఏలారు. ఆ కాలాన్ని, ఆ కాలపు కట్టడాల తీరును జార్జియన్ అంటారు. ముందు ఎత్తైన స్తంభాల ముఖమండపం, దాని నెత్తిన త్రికోణపు నుదురు, వెనక నుంచి లేచే గంటగోపురం, లోపల తెల్లటి గోడల విశాలమైన హాలు: ఇవి కనిపిస్తే ఆ చర్చి జార్జియన్ బాణీది అనుకోవచ్చు. లండన్‌లో పుట్టిన ఈ రూపం కలకత్తాకూ మద్రాసుకూ ఓడల మీద, పుస్తకాల ద్వారా వచ్చింది.

విశాఖపట్నం సంగతి కొంచెం వేరు. ఆ శకం పొడవునా ఇక్కడ ఈస్టిండియా కంపెనీ కోట ఉంది, వర్తకం ఉంది, సిపాయిలున్నారు, కలెక్టరున్నాడు. అయినా ఊళ్లో ఇప్పుడు కనబడే పాత చర్చిలు 1830 తర్వాతివే. జార్జిల కాలంలో విశాఖకు దక్కినవి వేరే ఉన్నాయి: మిషనరీల బడి, చిన్న సంఘం, తెలుగులో అచ్చయిన తొలి సువార్తలు. శిఖరం కన్నా ముందు గ్రంథం వచ్చిన ఊరు ఇది. అందుకని ఇక్కడి చర్చి చరిత్రను గోడలతో మొదలుపెడితే సగం కథ జారిపోతుంది. అయితే ఆ గోడల నమూనా ఎక్కడిదో తెలియకపోతే మిగతా సగమూ అందదు.

నమూనా పుట్టుక

1666లో లండన్ తగలబడ్డాక క్రిస్టఫర్ రెన్ నగరంలోని చర్చిలను తిరిగి కట్టించాడు. ప్రొటెస్టెంట్ ఆరాధనలో వాక్యం వినడం ముఖ్యం కాబట్టి, ప్రసంగం చివరి బెంచీలో కూర్చున్నవాడికి కూడా వినబడాలి, ప్రసంగించే మనిషి కనబడాలి. రెన్ లెక్క అది. 1711లో ఊరు పెరిగిన మేరకు యాభై కొత్త చర్చిలు కట్టాలని పార్లమెంటు చట్టం చేసింది. యాభైలో నాలుగోవంతు కూడా పూర్తి కాలేదు గాని, ఆ ప్రయత్నం నికొలస్ హాక్స్‌మూర్, జేమ్స్ గిబ్స్ లాంటి వాస్తుశిల్పులకు చేతినిండా పని ఇచ్చింది.

గిబ్స్ కట్టిన సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ 1726లో పూర్తయింది. రోమన్ దేవాలయం ముంగిట ఉండే స్తంభాల మండపాన్నీ, ఇంగ్లీషు ఊళ్లకు అలవాటైన సూది గోపురాన్నీ అతను ఒకే కట్టడంలో కలిపాడు. గోపురం మండపం వెనక కప్పులోంచి మొలిచినట్టు ఉంటుందని అప్పట్లో విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా జనానికి నచ్చింది. 1728లో గిబ్స్ తన నమూనాలన్నీ బొమ్మలతో అచ్చేయించాడు. అసలు మలుపు ఇదే. వాస్తుశిల్పి దొరకని చోట ఆ పుస్తకం తెరిచి మేస్త్రీకి బొమ్మ చూపిస్తే చాలు. అమెరికా వలసల్లో, కరీబియన్ దీవుల్లో, మన దేశంలో ఆ చర్చికి పిల్లలు పుట్టింది అలాగే. ఇక్కడ ఆ పుస్తకం చూసి కట్టినవాళ్లలో ఎక్కువమంది సైన్యపు ఇంజినీర్లు. కోటగోడలూ వంతెనలూ కట్టిన చేతులతోనే చర్చిలూ కట్టారు.

తూర్పుతీరంలో

కలకత్తా సెయింట్ జాన్స్ చర్చి 1787లో తెరుచుకుంది. దాన్ని గీసిన జేమ్స్ ఆగ్ కంపెనీ ఇంజినీరు. మద్రాసులో చర్చి అంతకు శతాబ్దం ముందే ఉంది. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ 1680లో ప్రతిష్ఠ అయింది. ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా మందపాటి కమాను కప్పు వేసిన ఆ చర్చి జార్జియన్ కాదు. రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో జరిగింది అక్కడే.

మద్రాసులో జార్జియన్ బాణీ వికసించింది 1815 తర్వాత. కర్నల్ కాల్డ్‌వెల్ గీసిన సెయింట్ జార్జి చర్చిని కట్టించినవాడు థామస్ ఫియట్ డి హావిలాండ్. 1816 జనవరిలో దాన్ని కలకత్తా బిషప్పు మిడిల్టన్ ప్రతిష్ఠించాడు. దానికైన ఖర్చులో కొంత లాటరీ నిధి నుంచి వచ్చింది. జూదం సొమ్ముతో చర్చా అని ఇప్పుడు ఆశ్చర్యపోతాం గాని, అప్పట్లో మద్రాసులో రోడ్లు, వంతెనలు, పబ్లిక్ భవనాలు కూడా ఆ నిధితోనే లేచాయి. ఈ చర్చి 1835లో మద్రాసు డయాసిస్ ఏర్పడ్డప్పుడు కెథడ్రల్ అయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., పుట్టింది దీనిలోనే.

డి హావిలాండ్ అసలు గొప్పతనం ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లో చూడాలి. స్కాట్లండ్ సంఘం వాళ్ల కోసం 1818 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసి 1821 ఫిబ్రవరిలో తెరిచిన చర్చి ఇది. గిబ్స్ తన లండన్ చర్చికి మొదట గుండ్రటి నమూనా ఒకటి గీశాడు. ఖర్చు ఎక్కువవుతుందని లండన్ దాన్ని పక్కన పెట్టింది. పుస్తకంలో మిగిలిపోయిన ఆ బొమ్మ వందేళ్లకు మద్రాసులో కట్టడమైంది. నడిమి భాగం 81.5 అడుగుల వ్యాసం ఉన్న వృత్తం. అందులో 16 కొరింథియన్ స్తంభాలు, వాటి మీద 51.5 అడుగుల వ్యాసం గుమ్మటం. గుమ్మటం లోపలి భాగానికి ఆకాశపు నీలం. గోపురం ఎత్తు 166.5 అడుగులు.

కట్టిన చోటు బురద నేల. మామూలు పునాది వేస్తే కుంగుతుంది. డి హావిలాండ్ మన ఊళ్లలో తరతరాలుగా తెలిసిన ఉపాయాన్నే పట్టుకున్నాడు: బావులు. ప్రత్యేకంగా కాల్చిన మట్టి ఒరలతో, ఇటుకలతో 14 నుంచి 50 అడుగుల లోతు దాకా బావులు దింపి, వాటి మీద కట్టడం నిలబెట్టాడు. గుమ్మటం బరువు తగ్గించడానికి కుమ్మరి చేసిన బోలు మట్టిగొట్టాలు వాడాడు. చిత్రంలో ఉన్నది రోము, పటంలో ఉన్నది లండన్, నేల కింద ఉన్నది మాత్రం మద్రాసు కుమ్మరి పనితనం. జార్జియన్ చర్చి ఈ తీరంలో ఎలా బతికిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

తెలుగునాట ఈ శకానివిగా చెప్పుకోదగ్గవి రెండు. సికిందరాబాదు సెయింట్ జాన్స్ చర్చిది 1813 నాటి పుట్టుక. కంటోన్మెంటు సైనికుల కోసం వచ్చింది. జంటనగరాల్లో అతి పాత ఆంగ్లికన్ చర్చి అదే. రెండోది మచిలీపట్నం (బందరు) సెయింట్ మేరీస్. దాన్ని మద్రాసు అశ్విక దళపు జనరల్ జాన్ పేటర్ కట్టించాడని చెబుతారు. తాను ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి పెళ్లికి ముందే జబ్బుతో చనిపోతే, ఆమె సమాధి మీద చర్చి లేపాడని బందరులో కథ నడుస్తుంది. ఇందులో చరిత్ర ఎంత, అల్లిక ఎంత అన్నది అలా ఉంచితే, కంపెనీ ఊళ్లలో చర్చి, శ్మశానం ఎప్పుడూ పక్కపక్కనే పెరిగాయన్నది నిజం. జ్వరాలు అలాంటివి.

విశాఖ కోట

విశాఖలో కంపెనీ వర్తకస్థానం 1682 ప్రాంతంలో మొదలైంది. ఇక్కడి నుంచి ఎగుమతయ్యే ప్రధాన సరుకు బట్ట. ఔరంగజేబుతో కంపెనీ కయ్యం పెట్టుకున్న ఫలితంగా 1689లో మొగలు అధికారులు ఈ స్థావరాన్ని కొల్లగొట్టారు, ఇంగ్లీషు ఉద్యోగులు చనిపోయారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకున్నాడు. మరుసటి ఏడు విజయనగరం రాజు ఆనంద గజపతి పిలుపు మీద వచ్చిన కర్నల్ ఫోర్డ్ విశాఖలో దిగి, చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్లను ఓడించాడు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోవడానికి దారి తెరిచిన యుద్ధం అది.

1780 అక్టోబరులో ఈ ఊరి సిపాయిలు తిరగబడ్డారు. హైదరాలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లేందుకు ఓడ ఎక్కమంటే ఎక్కం అన్నారు, కాల్పులు జరిగాయి, కొందరు ఇంగ్లీషు వాళ్లు చనిపోయారు. 1857కు డెబ్బై ఏడేళ్ల ముందు సంగతి ఇది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినుయా మూడు యుద్ధనౌకలతో విశాఖ రేవు మీదికి వచ్చాడు. రేవులో ఉన్న సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఎదురు నిలిచింది. రెండు వర్తక ఓడల్లో ఒకటి ఒడ్డుకెక్కి పగిలింది, ఒకటి ఫ్రెంచి వాళ్ల చేజిక్కింది. పట్నం మాత్రం దక్కింది.

ఇలాంటి ఊళ్లో చర్చి కోసం ఖర్చు పెట్టాలన్న తొందర కంపెనీకి లేకపోయింది. మద్రాసులో కౌన్సిలుంది, జీతం తీసుకునే చాప్లిన్లున్నారు. విశాఖ ఆ మద్రాసు కింద ఒక శాఖ మాత్రమే. పైగా కంపెనీకి మతప్రచారకులంటేనే గిట్టేది కాదు. వ్యాపారానికి చేటు అని దాని భయం. కాబట్టి విశాఖలో క్రైస్తవ సంఘం కంపెనీ డబ్బుతో మొదలవలేదు.

క్రాన్, డెస్ గ్రాంజస్, ఆనందరాయర్

లండన్ మిషనరీ సొసైటీ 1804లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజస్ అనే ఇద్దరు యువకులను దక్షిణానికి పంపింది. తర్వాత తిరువాన్కూరులో పేరుపొందిన రింగెల్‌టౌబే కూడా వాళ్లతోనే బయల్దేరాడు. కంపెనీ ఓడల్లో మిషనరీలకు చోటు లేదు. అందుకని డెన్మార్కు మీదుగా చుట్టు తిరిగి, డేనిష్ ఓడ ఎక్కి, డేనిష్ వాళ్ల తరంగంబాడిలో దిగారు. అక్కడి నుంచి మద్రాసు మీదుగా క్రాన్, డెస్ గ్రాంజస్ 1805లో విశాఖ చేరారు. రేవులో ఫిరంగులు మోగి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఊళ్లోని ఇంగ్లీషువాళ్లకు పాదిరీ లేడు. దాంతో కోటలో ఆదివారపు ఆరాధన నడిపే పని కూడా వీళ్ల మీద పడింది. పైన కంపెనీ గుమ్మం దగ్గర ఆపిన మనుషులను కింద ఊళ్లో దాని మనుషులే లోపలికి పిలిచారన్నమాట. మిగతా రోజుల్లో వాళ్ల పని తెలుగు నేర్చుకోవడం, పిల్లలకు బడి నడపడం. తెలుగుకు అప్పటికి ఇంగ్లీషులో అచ్చయిన వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. విలియం కేరీ వ్యాకరణం 1814లో, ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. సి.పి. బ్రౌన్ అప్పటికి ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. అంటే వీళ్లకు పండితుడే పుస్తకం.

అలాంటి సమయంలో ఆనందరాయర్ వచ్చాడు. మిషన్ రాతల ప్రకారం అతను మరాఠా బ్రాహ్మణుడు, తెలుగు బాగా వచ్చినవాడు, ఒకప్పుడు టిప్పు సుల్తాను సైన్యంలో లెక్కలు రాసినవాడు. ఒక పెద్దాయన మంత్రం ఉపదేశించి నాలుగు లక్షల సార్లు జపిస్తే ముక్తి అంటే, ఒక గుడిలో కూర్చుని ఆ జపమంతా పూర్తి చేశాడట. మనసుకు శాంతి కలగలేదు. కేథలిక్కుల దగ్గరికి వెళ్లాడు, అక్కడి నుంచి తరంగంబాడి లూథరన్ల దగ్గరికి చేరి బాప్తిస్మం తీసుకున్నాడు. విశాఖకు వచ్చాక అనువాదంలో డెస్ గ్రాంజస్‌కు కుడిభుజమయ్యాడు. మిషన్ చరిత్రలు దొరల పేర్లు పెద్దక్షరాల్లో రాసి ఇతణ్ని సహాయకుడు అని ఒక మాటతో సరిపెడతాయి. తెలుగు అప్పుడే నేర్చుకుంటున్న ఇద్దరు విదేశీయులు నాలుగైదేళ్లలో మూడు సువార్తలు తెలుగు చేయగలిగారంటే, వాక్యం ఎవరి నోట కుదురుకుందో ఊహించడం కష్టం కాదు.

1806లో కలకత్తా నుంచి నేలదారిన మద్రాసుకు పోతూ క్లాడియస్ బుకానన్ విశాఖలో ఆగాడు. అతను కంపెనీ చాప్లిన్, విద్వాంసుడు. అనంతరం అచ్చేసిన తన గ్రంథంలో విశాఖ అనువాదాన్నీ ఆనందరాయర్‌నూ పేరెత్తి రాశాడు. ఇంగ్లండులో వేలమంది చదివిన పుస్తకం అది. అదే ఏడు జూలైలో వేలూరు సిపాయిల తిరుగుబాటు జరిగింది. దానికి మతప్రచారమే కారణమని లండన్‌లో పెద్ద రగడ లేచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మిషనరీల మీద అనుమానం పెరిగిన రోజులవి. ఇలాంటప్పుడు గోపురంతో చర్చి కట్టి నలుగురి కళ్లలో పడడం తెలివైన పని కాదు. ఇంట్లో కూర్చుని తెలుగు రాసుకోవడం ఎవరికీ అభ్యంతరం కాలేదు.

క్రాన్ 1809 జనవరిలో చనిపోయాడు. డెస్ గ్రాంజస్ 1810 జూలైలో. అతను సిద్ధం చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలను ఆనందరాయర్ శ్రీరాంపూర్ తీసుకువెళ్లి అచ్చు చూసుకున్నాడు. 1812లో అవి వెలువడ్డాయి. అదే ఏడు మార్చిలో శ్రీరాంపూర్ అచ్చుకూటం తగలబడి తెలుగు అక్షరాలతో సహా అనేక భాషల టైపులు కరిగిపోయాయని గుర్తుపెట్టుకుంటే, ఆ ప్రతుల విలువ తెలుస్తుంది. తెలుగులో అచ్చయిన క్రైస్తవ పుస్తకాలు అంతకుముందు లేకపోలేదు. జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ 1746, 1747 సంవత్సరాల్లో చిన్న పుస్తకాలు వేయించాడు. అతను బైబిలు కూడా అనువదించాడు గాని అది అచ్చుకెక్కలేదు. కాబట్టి తెలుగు చదువరి చేతికందిన తొలి సువార్తలు విశాఖవే.

తర్వాతి దశాబ్దాలు

సొసైటీ పంపగా జాన్ గోర్డన్, విలియం లీ వచ్చారు. లీ గంజాం వెళ్లిపోయాడు. రంగూన్‌లో పని సాగక ఇటు మళ్లిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం తెలుగు చేశాడు. అది 1818 ప్రాంతంలో మద్రాసులో అచ్చయింది. 1820లో ప్రిచెట్, 1828లో గోర్డన్, 1832లో మరో మిషనరీ జేమ్స్ డాసన్ కన్నుమూశారు. ముప్పై ఏళ్లకు దగ్గరగా సాగిన పనికి లెక్క చూస్తే చేరినవాళ్లు బహు తక్కువ. లండన్‌లో సొసైటీ పెద్దలు నిరాశపడ్డారంటే వింత లేదు. అయితే లెక్కకు అందని పని కొంత జరుగుతూనే ఉంది. తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యుడనిపించుకున్న పురుషోత్తమ చౌదరి పర్లాకిమిడి ప్రాంతపు మనిషి. అచ్చు పుస్తకం చదివి కదిలి, ఈ ప్రాంతపు మిషన్ వాళ్లను కలిసి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఇప్పటికీ తెలుగు చర్చిల్లో ఆయన కీర్తనలు పాడుతున్నారు.

1840లో వచ్చిన జాన్ హే యాభై ఏళ్లు తెలుగుతోనే గడిపాడు. బడి నడిపాడు, బైబిలు అనువాదాన్ని సరిదిద్దాడు, 1891లో చనిపోయాడు. అతని కాలంలోనే పులిపాక జగన్నాథం చదువుకోవడానికి వచ్చి, క్రైస్తవుడై, తర్వాత పాస్టరయ్యాడు. బ్రాహ్మణ కుటుంబపు కుర్రవాడు మతం మారడం ఊళ్లో అలజడి రేపింది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో లండన్ మిషన్ తన విశాఖ పనిని కెనడియన్ బాప్టిస్టు మిషనుకు అప్పగించి తప్పుకుంది. 1874 నుంచి కాకినాడ వైపు నుంచి విస్తరిస్తూ వచ్చిన ఆ మిషను పేరు విశాఖలో సి.బి.ఎం. బడుల రూపంలో స్థిరపడింది.

కట్టడాలు

1813 చార్టర్ చట్టంతో మిషనరీల మీద ఆంక్షలు సడలాయి. 1814లో కలకత్తాకు బిషప్పు వచ్చాడు. ఆంగ్లికన్ చర్చిని ప్రతిష్ఠించాలంటే బిషప్పు ఉండాలి. మొత్తం దేశానికీ ఒక్కడే ఉన్నప్పుడు విశాఖ లాంటి రేవుకు అతను రావడం అరుదు. 1835లో మద్రాసుకు డేనియల్ కోరీ బిషప్పయ్యాక గాని ఈ తీరపు చిన్న స్టేషన్లకు వరుసగా చర్చిలు లేవడం మొదలవలేదు. విశాఖ పాతపట్నంలోని సెయింట్ జాన్స్, వాల్తేరులోని సెయింట్ పాల్స్ ఆ అలలో వచ్చినవే. వాల్తేరు పట్నానికి ఉత్తరాన ఎత్తు మీద ఉంటుంది. కోట చుట్టూ ఇరుకు పెరిగాక దొరలు గాలి కోసం అక్కడికి బంగళాలు మార్చారు. రెండు చర్చిలు కావలసి వచ్చింది అందుకే.

అప్పటికి ఇంగ్లండులో అభిరుచి మారిపోతోంది. రోమన్ స్తంభాలు అన్యమతపు వాసన వేస్తున్నాయని, కోసు కమానులు, రంగు అద్దాలు, చీకటి గల గోథిక్ చర్చే అసలైన చర్చి అని 1840ల నుంచి వాదన బలపడింది. ఇక్కడి చర్చిలు ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నాయి. పుస్తకాలు గోథిక్ చెబుతుంటే, మేస్త్రీల చేతికి అలవాటైంది పాత పద్ధతి. అందుకే తెలుగు తీరంలో ఆ కాలపు చర్చిల్లో జార్జియన్ పోలికలు చాలాకాలం పోలేదు.

కేథలిక్కుల చర్చి దారి వేరు. సవాయ్‌లోని అన్నెసీ పట్నం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు 1846లో విశాఖ వచ్చారు. వాళ్ల తొలి బిషప్పు నేరే. మరుసటి ఏడే సెయింట్ అలోషియస్ బడి పెట్టారు. సవాయ్ నుంచే సెయింట్ జోసెఫ్ సిస్టర్లు వచ్చారు. 1886లో విశాఖ డయాసిస్ అయింది. రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలుంటాయి: ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, మరొకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మూడోది రాస్ హిల్. రాస్ అనే దొర 1864లో కట్టుకున్న ఇల్లే తర్వాత మేరీమాత గుడి అయిందని చెబుతారు. వేంకటేశ్వరస్వామి గుడి కట్టించింది బ్లాక్‌మోర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ అని కూడా ఊళ్లో అంటారు. వేట నుంచి వచ్చే పడవవాళ్లు మూడు కొండలకూ దండం పెట్టడంలో తేడా చూపరు.

భీమునిపట్నం (భీమిలి) విశాఖకన్నా ముందే యూరపు వాళ్ల రేవు. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దిలోనే స్థిరపడ్డారు. వాళ్ల శ్మశానంలో ఆనాటి రాళ్లు ఇంకా ఉన్నాయి. 1824 ఒప్పందంతో అది ఇంగ్లీషువాళ్లకు దఖలు పడింది. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చి 1864లో ప్రతిష్ఠ అయింది. రంగు అద్దాల కిటికీ దాని ఆకర్షణ. జార్జియన్ చర్చి తెల్లటి వెలుతురు కోరుకునేది. భీమిలిలో ఆ వెలుతురుకు రంగు పులిమారు. శకం మారిందని చెప్పడానికి ఆ ఒక్క కిటికీ చాలు.

నేల, గాలి నేర్పిన మార్పులు

ఇంగ్లండులో రాతితో చెక్కిన స్తంభాన్ని ఈ తీరంలో ఇటుకతో పేర్చి గచ్చుతో మెరుగుపెట్టారు. మద్రాసు చునాం అని పేరుపడ్డ ఈ పూత కోసం గవ్వలు, ఆలిచిప్పలు కాల్చి సున్నం తీసేవారు. గానుగలో నూరి, పులియబెట్టి, చివరి పొరలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం నీళ్లు కలిపి, గులకరాయితో రుద్దేవారు. పాలరాయి అనుకుని తాకి చూసిన దొరలు తమ ఉత్తరాల్లో మెచ్చుకున్నారు. కప్పు మద్రాసు టెర్రస్: టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా సున్నంలో పేర్చి, పైన మళ్లీ సున్నపు కాంక్రీటు.

పెద్ద కిటికీలు ఇంగ్లండులో వెలుగు కోసం పెట్టినవి. ఇక్కడ అదే వెలుగు శత్రువైంది. అందుకని చెక్క రెక్కల తలుపులు వచ్చాయి. గాలి ఆడాలి, ఎండ రాకూడదు. పక్క గోడల వెంట వసారాలు లేచాయి, బెంచీలకు పేము అల్లిక వచ్చింది, పైన పంకాలు వేలాడాయి. ముఖమండపం కూడా పని మార్చుకుంది: పల్లకీలు, గుర్రబ్బళ్లు దిగే నీడచోటు అయింది. అలంకారంగా వచ్చినదాన్ని ఎండ అవసరంగా మార్చింది. లోపలి పద్ధతి మాత్రం చాలాకాలం మారలేదు. వేదిక ఎత్తున ప్రసంగ పీఠం, ప్రభుభోజనపు బల్ల, గోడలకు చనిపోయినవాళ్ల పేర్లతో పాలరాతి పలకలు. తెలుగు సంఘాలు తమ చర్చిలు తామే కట్టుకోవడం మొదలుపెట్టాక వేరే దారులు తొక్కాయి. బిషప్ అజరయ్య 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్లు కెథడ్రల్‌లో గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాల ఛాయలు కలిశాయి. 1924 నాటి మెదక్ చర్చి గోథిక్‌ను ఎంచుకుంది. జార్జియన్ నమూనాను కొత్తగా ఎవరూ కోరుకోలేదు.

రేవు, ఉక్కు, ఉప్పు

చిత్తడినేల తవ్వి చేసిన లోపలి రేవుతో 1933 డిసెంబరులో విశాఖ పోర్టు ప్రారంభమైంది. ఊరి బరువు కోట వీధుల నుంచి జరగడం మొదలైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక గాజువాక వైపు కొత్త పట్నమే లేచింది. జిల్లాలు దాటి వచ్చిన ఉద్యోగులు తమతో పాటు తమ సంఘాలనూ తెచ్చుకున్నారు. అక్కడి చర్చిలు కాంక్రీటువి, మైకులున్నవి. పాతపట్నం చర్చిలు చిన్నవై, పాతవై మిగిలాయి. ఆదివారం మినహా వాటి గేట్లు తీసి ఉండడం తక్కువ.

వాటికి ఇప్పుడున్న చిక్కు ముఖ్యంగా సిమెంటు. సున్నపు గోడ ఉప్పుగాలిలోని తేమ పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. పెచ్చులూడిన చోట త్వరగా అయిపోతుందని సిమెంటు పూస్తే తేమ లోపలే ఆగుతుంది, ఉప్పు స్ఫటికమై ఇటుకను పొడి చేస్తుంది. పైపూత బిగుతుగా ఉంటుంది, వెనక గోడ గుల్లవుతుంది. ఇనుప కమ్మీలు వేస్తే సముద్రం వాటినీ తినేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత ఊరంతా మరమ్మతులు జరిగినప్పుడు గానుగ సున్నం కలిపే మేస్త్రీ దొరకడమే కష్టమైంది. రంగు వేయించే ముందు పాత పూత కొంచెం గీకి చూసి, కింద గచ్చు ఉంటే దాని మీద సున్నమే వేయాలి. ప్లాస్టిక్ ఎమల్షన్ వేయకూడదు. పాత చర్చి కమిటీలు పెయింటు కంపెనీ డీలరును పిలిచే ముందు ఈ పని చేయవచ్చు; దానికి పెద్ద ఖర్చేమీ కాదు.